దూకడానికి ముందు 200 మెట్లు

వంతెనలు, కొండ అంచుల మీంచి ప్యారాచూట్‌తో దూకే ‘బేస్ జంపింగ్’ వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతున్నాయి. చూసి ఊరుకునేవాళ్లు కొందరైతే, నేర్చుకుంటామని బయల్దేరేవాళ్లు కొందరు. ఇంతకీ తొలి శిక్షణకు ఎవరిని తీసుకుంటారు? ఎవరిని వెనక్కి పంపుతారు? ఏమేం నేర్పుతారు? ఇంట్లో పిల్లలు ఈ మాట ఎత్తినప్పుడు ‘వద్దు’ అనాలన్నా, ‘సరే’ అనాలన్నా ముందు మీరు తెలుసుకోవాల్సిన సంగతులివి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న మీ అబ్బాయి ‘విమానంలోంచి దూకాను’ అంటూ వీడియో పంపాడనుకోండి. మీ గుండె ఝల్లుమంటుంది. కాస్త పరిశీలనగా చూస్తే అతని వీపు వెనకే ఒక శిక్షకుడు కనిపిస్తాడు. ఇద్దరినీ కలిపి బెల్టులతో బిగిస్తారు. ప్యారాచూట్ తెరిచేది, దింపేది శిక్షకుడే. దీన్నే టాండెమ్ స్కైడైవింగ్ అంటారు. కాసేపు సూచనలు విని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలామంది చెయ్యగలిగేదే.

అదే అబ్బాయి మరో ఏడాదికి ‘బేస్ జంపింగ్ కోర్సులో చేరుతున్నా’ అంటే మాత్రం ఆగి వినాలి. ఇది దానికి కొనసాగింపు కాదు. దాదాపు వేరే ఆట.

పేరులోనే ఉంది తేడా

ఆంగ్లంలో ‘బేస్’ అనే మాటలోని నాలుగు అక్షరాలు నాలుగు చోట్లను సూచిస్తాయి. బిల్డింగ్, యాంటెన్నా టవర్, స్పాన్ అంటే వంతెన, ఎర్త్ అంటే కొండ అంచు. కదలకుండా ఉండే ఈ నాలుగింటి మీంచి దూకడమే బేస్ జంపింగ్. దీనికి ఆ పేరు పెట్టినవారిలో ఒకరైన కార్ల్ బేనిష్ 1978లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ కొండ మీంచి దూకడాన్ని సినిమా తీసి ప్రపంచానికి చూపించారు. ఆయనే 1984లో నార్వేలో ఓ కొండ మీంచి దూకుతూ మరణించారు. ఈ ఆట ఎంత ఆకర్షిస్తుందో, ఎంత కఠినమైనదో ఆ ఒక్క జీవితమే చెబుతుంది.

విమానం నుంచి దూకేవాళ్లు సాధారణంగా 10 వేల అడుగులకు పైనే ఉంటారు. గాల్లో సుమారు నిమిషం పాటు తేలతారు. ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది. వీపున రెండో ప్యారాచూట్ ఉంటుంది. స్పృహ తప్పినా దాన్ని దానంతట అదే తెరిచే పరికరం కూడా ఉంటుంది.

బేస్ జంపింగ్‌లో ఇవేవీ ఉండవు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ అనే ఊరి దగ్గర స్నేక్ నది మీద పెర్రీన్ వంతెన ఉంది. ప్రత్యేక అనుమతి లేకుండా ఏడాది పొడవునా దూకనిచ్చే చోటు కాబట్టి తొలి కోర్సులకు అది పేరుపొందింది. దాని ఎత్తు 486 అడుగులు. అంటే సుమారు 45 అంతస్తుల భవనమంత. ప్యారాచూట్ తెరవకపోతే అయిదారు సెకన్లలో నీటిని తాకేస్తారు. రెండో ప్యారాచూట్ ఉన్నా తెరిచే వ్యవధే ఉండదు. అందుకే ఒక్కటే కట్టుకుంటారు. అది తెరుచుకోవాలి, సరైన దిక్కుకే తెరుచుకోవాలి.

మరో చిక్కూ ఉంది. విమానం వేగంగా వెళుతుంటుంది కాబట్టి దూకిన క్షణం నుంచే ఎదురుగాలి ఒంటికి తగులుతుంది. చేతులు, కాళ్లు కదిలించి ఒంటిని సర్దుకోవచ్చు. వంతెన మీంచి దూకితే తొలి క్షణాల్లో ఆ గాలి ఉండదు. కాలు ఎత్తిన క్షణంలో ఒళ్లు ఎలా ఉందో కిందికీ అలాగే పోతుంది. మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు, రెండో సెకను ముగిసేసరికి 20 మీటర్లు, మూడో సెకనుకు 40 మీటర్ల పైమాటే. పొరపాటు జరిగిందని మెదడుకు అర్థమయ్యేలోపే సగం దూరం అయిపోతుంది.

లెక్కలు ఏమంటున్నాయి?

నార్వేలోని షెరాగ్ కొండ మీంచి 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 దూకుళ్లను వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. వాటిలో 9 మంది చనిపోయారు. అంటే సుమారు 2,300 దూకుళ్లకు ఒక మరణం. ప్రాణం పోని ప్రమాదాలు మరో 82. అంటే సుమారు 250 దూకుళ్లకు ఒక గాయం. ఏడాదికి 50 సార్లు దూకే వ్యక్తి అయిదేళ్లలో సగటున ఒక్కసారైనా గాయపడతాడన్నమాట. విమానం నుంచి దూకడంతో పోల్చి చూడండి. 2023లో అమెరికాలో సుమారు 36 లక్షల స్కైడైవింగ్ దూకుళ్లకు 10 మరణాలు నమోదయ్యాయి.

ఈ అంకెలు భయపెట్టడానికి కాదు. ‘రెండూ ఒకటేగా’ అన్న వాదన ఇంట్లో వచ్చినప్పుడు రెండూ ఒకటి కావని చెప్పడానికి.

గేటు దగ్గరే వడపోత

కారు నడపడానికి ప్రభుత్వ లైసెన్సు ఉంది. స్కైడైవింగ్‌కూ దశలవారీ లైసెన్సులున్నాయి. అమెరికాలో మొదటి స్కైడైవింగ్ లైసెన్సుకే కనీసం 25 సార్లు దూకాలి. బేస్ జంపింగ్‌కు మాత్రం అలాంటి గుర్తింపు సంస్థ ఇచ్చే లైసెన్సు లేదు. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వద్దనాలో చాలావరకు శిక్షకుడే తేల్చాలి. కాబట్టి మంచి శిక్షకుణ్ని గుర్తుపట్టడమే మొదటి రక్షణ. ఎవరొచ్చినా డబ్బు కట్టించుకుని వంతెన ఎక్కించేవాడు శిక్షకుడు కాదు.

అనుభవజ్ఞులైన శిక్షకులు సాధారణంగా అడిగేది సుమారు 200 స్కైడైవింగ్ దూకుళ్లు. కొన్నిచోట్ల ఇంతకన్నా తక్కువకూ ఒప్పుకొంటారు. అన్ని ఎందుకు? గాల్లో పల్టీల కోసం కాదు, ప్యారాచూట్‌ను నడపడం కోసం. విమానం నుంచి దిగేవాళ్లకు ఎదురుగా పెద్ద మైదానం ఉంటుంది. బేస్ జంపర్‌కు దొరికేది నది ఒడ్డున రాళ్ల మధ్య ఒక చిన్న జాగా. గాలి ఎటు వీస్తోందో చూసి, ఎక్కడ మలుపు తిప్పాలో లెక్కేసి, అనుకున్నచోటే దిగడం చేతికి అలవాటైపోవాలి. ఆ అలవాటు పుస్తకాలతో రాదు. దేశంలో తొలి మహిళా బేస్ జంపర్‌గా పేరున్న అర్చనా సర్దానా కూడా ముందు విమానం నుంచి దూకడం నేర్చుకున్నాకే ఈ బాట పట్టారు.

అంకె ఒక్కటే చాలదు. ఆ 200 ఎప్పుడు చేశారు? అయిదేళ్ల కిందట చేసి వదిలేస్తే అవి పనికిరావు. ఎన్నిసార్లు అనుకున్నచోట దిగారు? చిక్కు వచ్చినప్పుడు ఏం చేశారు? గాలి ఎక్కువగా ఉందని ఎన్నిసార్లు దూకకుండా వెనక్కి వచ్చారు? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే వడపోత. ‘నేనెప్పుడూ వెనక్కి తగ్గలేదు’ అని గొప్పగా చెప్పేవాళ్లను చూసి మంచి శిక్షకుడు మురిసిపోడు, జాగ్రత్తపడతాడు.

ఆరోగ్యం మాటేమిటి?

మూర్ఛ, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం, గుండె జబ్బులు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లకు ఇది తగదు. భుజం తరచూ జారేవాళ్లకూ అంతే. ప్యారాచూట్ తెరుచుకునే కుదుపులో భుజం జారితే దాన్ని నడిపే చెయ్యి పనిచెయ్యదు. వెన్నుపూసల సమస్యలు, ఎముకల బలం తగ్గడం, గర్భం ఉన్నప్పుడూ దూరంగా ఉండాల్సిందే. మగత తెప్పించే మందులు వాడుతున్నా, రాత్రి నిద్ర లేకపోయినా, ముందురోజు మద్యం తాగినా ఆ రోజు దూకకూడదు.

మనసు సంగతి అంతకన్నా ముఖ్యం. తీవ్రమైన భయంలో చూపు ఇరుకైపోతుంది. పక్కన మాటలు చెవికెక్కవు. వేళ్లు మొద్దుబారతాయి. ఇది పిరికితనం కాదు, అడ్రినలిన్ చేసే పని. భయం వేయనివాళ్లను వెతకరు. భయంలోనూ నేర్చుకున్న వరుస తప్పనివాళ్లను ఎంచుకుంటారు. స్నేహితుల పందెం కోసమో, వీడియో కోసమో, ప్రేమ విఫలమైన బాధలోనో వచ్చేవాళ్లను మంచి శిక్షకులు వెనక్కి పంపేస్తారు. మీ పిల్లల మాటల్లో సాహసం కన్నా ‘నాకేమైనా పర్లేదు’ అన్న విరక్తి వినిపిస్తే అది ఆట విషయం కాదు. కూర్చోబెట్టి మాట్లాడండి. మనదేశంలో ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

కోర్సులో ఏం నేర్పుతారు?

తొలి పాఠం వంతెన మీద కాదు, నేల మీద. ప్యారాచూట్ మడతపెట్టడం. స్కైడైవింగ్‌లో ఇతరులు మడతపెట్టినదాన్ని తగిలించుకునే వీలుంది. ఇక్కడ ఎవరి ప్యారాచూట్ వాళ్లే మడుచుకోవడం నేర్చుకోవాలి. ఒక్క మడత అటూఇటూ అయితే అది తెరుచుకున్నాక మొహం వంతెన వైపో కొండ వైపో తిరగొచ్చు. కొండల దగ్గర ప్రాణాలు తీసే ముఖ్యకారణాల్లో ఇదొకటి. కొత్తవాళ్లకు ఈ మడతలకే గంటలు పడుతుంది. విసుగుపడేవాళ్లు ఇక్కడే బయటపడిపోతారు.

తర్వాత గట్టు మీంచి అడుగు వేసే తీరు. తల ఎత్తి, చూపు ఎదురుగా నిలిపి, ఛాతీ ముందుకు పెట్టి కదలాలి. కిందికి చూస్తే ఒళ్లు ముందుకు వాలిపోతుంది. దీన్ని నేల మీదే పదేపదే చేయిస్తారు. ప్యారాచూట్ తప్పు దిక్కుకు తెరుచుకుంటే వెనక పట్టీలు లాగి వెంటనే తిప్పుకోవడాన్నీ అలాగే సాధన చేయిస్తారు. ఆలోచించకుండా చెయ్యి దానంతట అది వెళ్లాలి.

మొదటి దూకుళ్లలో ప్యారాచూట్‌ను బయటికి లాగే చిన్న చూట్‌ను సాధారణంగా వంతెన మీద నిలబడ్డ శిక్షకుడే పట్టుకుంటాడు. విద్యార్థి పడుతుండగానే అది సాగి, పెద్దది తెరుచుకుంటుంది. విద్యార్థి దృష్టంతా ఒంటి తీరు మీద, దిగే చోటు మీద ఉంటుంది. అది కుదిరాకే సొంతంగా విసరడం, తర్వాత సెకను ఆలస్యం. ఒక్కో దూకుడు తర్వాత వీడియో చూస్తూ తప్పులు చెబుతారు.

మడమ నుంచి వెన్ను దాకా

ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేది కాళ్లు. చీలమండ బెణకడం, విరగడం మామూలు. అందుకే దిగే పద్ధతిని ముందే నేర్పుతారు. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, నేల తాకగానే పక్కకు దొర్లాలి. దెబ్బ ఒక్క మడమ మీద పడకుండా పిక్క, తొడ, తుంటి, వీపు పక్కభాగం పంచుకుంటాయి.

ఇక్కడొక సంగతి ప్యారాచూట్ ముట్టనివాళ్లకూ పనికొస్తుంది. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, స్లాబు మీంచి జారిన మేస్త్రీలు, డాబా మీంచి పడ్డ పిల్లలు కాళ్ల మీద పడితే ఆ దెబ్బ మడమ నుంచి వెన్ను దాకా పాకుతుంది. అందుకే మడమ ఎముక విరిగినప్పుడు డాక్టర్లు వెన్నునూ పరీక్షిస్తారు. ఎత్తు నుంచి పడినవాళ్లను లేపి కూర్చోబెట్టకండి, ఆటోలో మడిచి ఎక్కించకండి. కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. కాళ్లు తిమ్మిరెక్కాయన్నా, మూత్రం రావడం లేదన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

• ఇప్పటిదాకా ఎన్నిసార్లు విమానం నుంచి దూకావు? గత ఆరు నెలల్లో ఎన్ని?

• శిక్షకుడు ఎన్నేళ్లుగా నేర్పుతున్నాడు? ఎవరినైనా చేర్చుకోకుండా పంపేశాడా?

• ఒక్కో శిక్షకుడి దగ్గర ఎంతమంది విద్యార్థులు?

• అక్కడ దూకడానికి చట్టం ఒప్పుకొంటుందా? అమెరికా జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా దూకితే కేసు పెడతారు.

• దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి ఎంత దూరం? నదిలో పడితే ఈత వచ్చా?

• బీమా వర్తిస్తుందా? ప్రయాణ బీమాల్లో చాలావాటికి సాహస క్రీడలు వర్తించవు. మనదేశంలోని ఆరోగ్య బీమాలోనూ వృత్తిగా సాహస క్రీడల్లో పాల్గొని గాయపడితే ఖర్చు ఇవ్వరు. పాలసీ కాగితం తెరిచి చదవండి.

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, వివరంగా జవాబు చెప్పగలిగితే మీ అబ్బాయో అమ్మాయో సగం సిద్ధమైనట్టే. తడబడితే మరో ఏడాది విమానం నుంచే దూకమనండి. వంతెన ఎక్కడికీ పోదు.

చివరగా ఒక మాట చెప్పి పంపండి. రెయిలింగ్ దాటి నిలబడ్డాక గాలి మారినా, మనసు ఒప్పకపోయినా తిరిగి ఇవతలికి రావచ్చు. మంచి కోర్సులో అలా వెనక్కి వచ్చినవాళ్లను ఎవరూ ఎగతాళి చెయ్యరు. అలా ఎగతాళి చేసే చోటైతే అక్కడ నేర్చుకోవద్దు.