డీపీపీ-4: పని తెలియకముందే దొరికిన యంత్రం

నిజాంసాగర్ కాలువ నీళ్లు, వాటి కింద పెరిగిన చెరుకు. వీటిని నమ్ముకునే 1937లో నిజాం ప్రభుత్వం నిజామాబాద్ జిల్లా బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మన చక్కెర వాడకం మాత్రం ఆగలేదు. చాయ్‌లో వేసిన చెంచాడు చక్కెర ఏ మిల్లుదైనా సరే, చిన్నపేగులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అది పసిగట్టిన పేగు కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు అందగానే క్లోమం ఇన్సులిన్ పెంచుతుంది. అదే గ్లూకోజ్‌ను సూదితో నరంలోకి ఎక్కిస్తే ఇన్సులిన్ అంతగా రాదని 1964లోనే తేలింది.

అయితే ఈ హార్మోన్ రక్తంలో చేరిన రెండు నిమిషాలకే సగం చెడిపోతుంది. చెడగొట్టేది కూడా మన ఒంట్లోనిదే. దాని పేరు డీపీపీ-4. ప్రోటీన్లను కోసే ఎంజైములను ప్రోటియేజులంటారు, ఇది అందులో ఒకటి.

దీన్ని 1966లో హోప్సు-హావు, గ్లెన్నర్ అనే ఇద్దరు ఎలుక కాలేయంలో పట్టుకున్నారు. ప్రయోగశాలలో తయారైన పదార్థాన్ని ఇది కోస్తోందని చూశారు గానీ, ఒంట్లో దేన్ని కోయడానికి ఉందో వాళ్లకు తెలియదు. తర్వాత రోగనిరోధక శాస్త్రవేత్తలకు ఇదే టీ-కణాల మీద కనిపిస్తే సీడీ-26 అని ఇంకో పేరు పెట్టుకున్నారు. జీఎల్‌పీ-1ను కోసేది ఇదేనని 1993లో గానీ బయటపడలేదు.

766 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. చిన్న తోకతో కణం పొరను పట్టుకుని, ఒళ్లంతా బయటికి పెట్టి ఉంటుంది. రెండేసి కలిసి జంటగా పనిచేస్తాయి. ఒక్కోదానిలో రెండు భాగాలు: ఎనిమిది రేకుల చక్రం, దాన్ని ఆనుకుని కోసే భాగం. కోత జరిగేది ఆ రెండింటి నడుమ ఉన్న గుహలో. లోపలికి దారి ఇరుకు, సన్నటి గొలుసులకే ప్రవేశం. 205, 206 స్థానాల్లోని గ్లుటమేట్లు వచ్చిన గొలుసు మొదటి కొసను పట్టుకుంటాయి. 630వ స్థానంలోని సెరీన్ కోస్తుంది, 708, 740 స్థానాల్లోని ఆస్పార్టేట్, హిస్టిడిన్ దానికి సాయపడతాయి. రెండో స్థానంలో ప్రోలీనో అలనీనో ఉన్న గొలుసులంటే దీనికి మక్కువ. జీఎల్‌పీ-1లో ఉన్నది అలనీనే. చెరుకు కొస నరికేసినా గడలో తీపి గడలోనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. జీఎల్‌పీ-1లోని 30 అమైనో ఆమ్లాల్లో మొదటి రెండు పోతే, మిగిలిన 28 క్లోమాన్ని కదిలించలేవు.

దీనికి విరుగుడు మనకంటే ముందే ఒక బల్లికి చిక్కింది. అమెరికా ఎడారుల్లోని గిలా మాన్‌స్టర్ విషంలో 1992లో జాన్ ఎంగ్ ఎక్సెండిన్-4ను కనుగొన్నాడు. జీఎల్‌పీ-1 చేసే పనే చేస్తుంది, కానీ రెండో స్థానంలో గ్లైసీన్ ఉంది కాబట్టి డీపీపీ-4కు తేలిగ్గా లొంగదు. 2005లో అదే మధుమేహానికి ఇంజెక్షన్ మందైంది.

రెండో దారి ఆ గుహకే అడ్డం పెట్టడం. మర్క్ కంపెనీ మాత్ర సిటాగ్లిప్టిన్‌కు 2006లో అమెరికా అనుమతి దొరికింది. మాత్ర గుహలో కూర్చుంటుంది, హార్మోన్ కోతకు గురికాకుండా ఎక్కువసేపు నిలుస్తుంది. రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడే జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌ను ఉసిగొల్పుతుంది కనుక, ఈ మాత్ర ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. ప్రభావమూ మోస్తరే. చాలామందికి మెట్‌ఫార్మిన్ అనే మందు తర్వాతే దీని వంతు వస్తుంది, అది న్యాయమే అనిపిస్తుంది నాకు. 2022లో మన దేశంలో పేటెంట్ గడువు తీరింది. ఆ సెప్టెంబరులోనే జన ఔషధి దుకాణాల్లోకి 50 మిల్లీగ్రాముల మాత్రలు పది 60 రూపాయలకు వచ్చాయి.

ఈ యంత్రానికి ఎవరూ ఊహించని పని ఇంకోటి పడింది. నిజామాబాద్ జిల్లా నుంచి ఎంతోమంది బతుకుదెరువుకు వెళ్లే సౌదీలో 2012లో మెర్స్ కరోనా వైరస్ బయటపడింది. అది మన కణాల్లోకి దూరే తలుపు డీపీపీ-4 అని మరుసటి ఏడాది తేలింది. వైరస్ పట్టుకునేది చక్రం రేకులను, మాత్ర కూర్చునేది గుహలో. అందుకే సిటాగ్లిప్టిన్ మింగినంత మాత్రాన ఆ తలుపు మూసుకోదు.