కొంగుముడి నుండి సెల్‌ఫోను దాకా

పూర్వం తెలుగింటి ఇల్లాలు మరువకూడని పని ఏదైనా ఉంటే చీర కొంగున చిన్న ముడి వేసుకునేది. ఆ ముడిలో అక్షరం లేదు, అంకె లేదు. సాయంత్రం చేతికి తగిలినప్పుడు ‘ఏదో పని ఉన్నదే’ అన్న తలపును రేకెత్తించడమే దాని ప్రయోజనం. ఆ పని ఏమిటన్నది ఆమె మనస్సే చెప్పాలి. గోడ క్యాలెండరుపై పాల లెక్క, పంచాంగం అంచున వ్రాసుకున్న తద్దినం తేదీ, ఇంటి పెద్ద జేబులోని చిన్న డైరీ, ఇవన్నీ ఆ కొంగుముడికి వారసులే. నేడు వీటన్నిటి స్థానాన్ని సెల్‌ఫోను ఆక్రమించింది. ఐ.బి.ఎం. సంస్థ క్యాలెండరును, చిరునామాల పుస్తకాన్ని చేర్చి రూపొందించిన ‘సైమన్’ అనే ఫోను 1994లో అమెరికాలో విక్రయానికి వచ్చింది. నాడు వింతగా తోచిన ఆ సదుపాయం నేడు ప్రతి ఫోనులోనూ ఉన్నది. అయినా మరపు మాత్రం మనిషిని వదలలేదు. కారణం యంత్రంలో కన్న ముడి వేసే తీరులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

అబూధాబి నగరానికి ఆగ్నేయంగా, ప్రధాన భూభాగంపై ఉన్న శివారు పట్టణం బనియాస్. బనీ యాస్ అనే అరబ్బు తెగ పేరే దానికి వచ్చింది. అక్కడ కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్తకు ముసఫా పారిశ్రామిక వాడలో ఉద్యోగం. పిల్లలిద్దరూ బడికి వెళుతున్నారు. ఇల్లాలి తల్లి రాజమండ్రిలో ఒంటరిగా ఉన్నది. భర్త తమ్ముడు అమెరికాలోని డాలస్‌లో స్థిరపడ్డాడు. ఈ ఇంటి దినచర్య మూడు గడియారాలపై, మూడు రకాల క్యాలెండర్లపై నడుస్తుంది. ఇక్కడ ఒక తేదీ మరచిపోతే జరిమానా పడవచ్చు, ప్రయాణం ఆగవచ్చు, తల్లి మందు తప్పవచ్చు.

జ్ఞాపకంలో రెండు విధాలు

జరిగినదాన్ని తలచుకోవడం ఒక విధమైన జ్ఞాపకం. జరపవలసినదాన్ని తగిన వేళకు తలచుకోవడం మరొక విధం. ఈ రెండవదానిలో మళ్ళీ రెండు తరగతులున్నవని గిల్స్ ఐన్‌స్టైన్, మార్క్ మెక్‌డానియల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో వివరించారు. ‘పక్కింటావిడ కనిపించగానే గిన్నె తిరిగి ఇవ్వాలి’ అన్నది సంఘటనపై ఆధారపడిన జ్ఞాపకం. ఆమె కనిపించడమే గుర్తు చేస్తుంది. ‘సాయంత్రం ఆరున్నరకు అమ్మకు ఫోను చేయాలి’ అన్నది కాలంపై ఆధారపడినది. దీనికి బయటి నుండి ప్రేరణ ఏదీ రాదు. మనస్సే గడియారాన్ని పదే పదే చూసుకోవాలి. కనుకనే ఇది తేలికగా జారిపోతుంది. ఫోను చేసే మేలు ఇక్కడే ఉన్నది. అలారం మ్రోగించి, కాలాన్ని ఒక సంఘటనగా మారుస్తుంది.

స్థలాన్ని కూడా ఇదే విధంగా సంఘటనగా మార్చవచ్చు. ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాలను, సమీపంలోని టవర్లను, వైఫై సంకేతాలను బట్టి ఫోను తానున్న చోటును లెక్కించుకుంటుంది. ‘బవాబత్ అల్ షర్క్ మాల్ చేరగానే చింతపండు, మినపప్పు గుర్తు చేయి’ అని ముందుగా నిర్దేశిస్తే, ఆ ప్రాంగణాన్ని సమీపించినప్పుడే జాబితా తెరపైకి వస్తుంది. ఆఫీసులో ఉండగా ఆ పని గుర్తుకు వచ్చి ప్రయోజనమేమున్నది?

ఎవరి గడియారం?

ఫోను లోపల చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలాన్ని కొలుస్తుంది. అందులో వచ్చే స్వల్ప తేడాను టెలిఫోన్ నెట్‌వర్కు లేదా ఇంటర్నెట్టు సరిదిద్దుతుంది. సాధారణంగా ఫోను 1970 జనవరి 1 నుండి గడిచిన సెకన్లను లెక్కపెట్టి, దానిని ఉన్న దేశపు కాలమానంలోకి మార్చి చూపిస్తుంది. యు.ఎ.ఇ. కాలం గ్రీన్‌విచ్ కన్న 4 గంటలు ముందు, భారత కాలం 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే బనియాస్‌కు, రాజమండ్రికి మధ్య గంటన్నర తేడా.

తల్లి రాత్రి 8 గంటలకు రక్తపోటు మాత్ర వేసుకోవాలి. అప్పుడు బనియాస్‌లో 6:30. కుమార్తె ఫోనులో 6:30కి మామూలు అలారం పెట్టుకున్నది. సెలవులకు రాజమండ్రి వెళ్ళగానే ఆ అలారం అక్కడి 6:30కే, అంటే గంటన్నర ముందుగా మ్రోగుతుంది. మామూలు అలారానికి అంకె తప్ప దేశం తెలియదు. అదే పనిని క్యాలెండరులో ‘భారత కాలం, రాత్రి 8’ అని కాలమండలంతో సహా నమోదు చేస్తే, ఏ దేశంలో ఉన్నా సరిగ్గా మాత్ర వేళకే మ్రోగుతుంది.

డాలస్ సంగతి మరింత చిక్కు. భారత దేశంలో గాని, యు.ఎ.ఇ.లో గాని గడియారాన్ని ఋతువును బట్టి మార్చరు. అమెరికాలో చాలా ప్రాంతాలలో మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు గంట ముందుకు జరుపుతారు. డాలస్‌లో ఆదివారం ఉదయం 9 గంటలైనప్పుడు బనియాస్‌లో శీతకాలంలో రాత్రి 7, వేసవిలో సాయంత్రం 6. అన్నదమ్ములు మాట్లాడుకునే వేళను డాలస్ కాలంలో నమోదు చేస్తే ఈ మార్పును ఫోనే చూసుకుంటుంది.

ఫోనుకు తెలియని తిథి

ఫోనులోని క్యాలెండరు మామూలుగా సౌరమానపు ఇంగ్లీషు తేదీలతో నడుస్తుంది. పుట్టినరోజుకు ‘ప్రతి ఏటా’ అని నొక్కితే చాలు. తండ్రి తద్దినానికి అలా నొక్కితే మరుసటి ఏడే తప్పుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే. ఏటా దాదాపు 11 రోజులు వెనుకకు జరిగి, అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది.

చంద్రుడు సూర్యునికన్న 12 డిగ్రీలు ముందుకు సాగే కాలమే ఒక తిథి. అది ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారుతుంది. సూర్యోదయం మాత్రం ఊరికొక వేళ. 2026 మార్చి 19 నాటి ఉగాదినే తీసుకుందాం. ఆ రోజు అమావాస్య ముగిసే వేళ భారత కాలం ప్రకారం ఉదయం 6:53 ప్రాంతం. హైదరాబాదులో సూర్యోదయం అంతకు సుమారు అరగంట ముందే, కనుక అప్పటికింకా అమావాస్యే. బనియాస్‌లో సూర్యుడు ఉదయించే సరికి హైదరాబాదు గడియారంలో 8 కావస్తుంది. అప్పటికి పాడ్యమి వచ్చేసింది. పండుగ రెండు చోట్లా ఆ రోజే అయినా, సూర్యోదయపు తిథి వేరు. తద్దినానికి స్థానిక అపరాహ్ణ కాలం చూడటం ఆచారం కనుక అక్కడ కూడా ఇట్టి తేడా రావచ్చు. ఉగాదినాడే ఆ ఊరి పంచాంగం చూచి గాని, పురోహితుని అడిగి గాని ఆ సంవత్సరపు తేదీని ఫోనులో వ్రాసుకోవడం ఉత్తమం.

రంజాన్ మాసమూ చంద్రమానమే. హిజ్రీ గణనలో అధికమాసం లేనందున అది అన్ని ఋతువులలోనూ సంచరిస్తుంది. ఆ నెలలో యు.ఎ.ఇ. ప్రైవేటు ఉద్యోగుల పనివేళలు రోజుకు 2 గంటలు తగ్గుతాయి. నెల ఆరంభం నెలవంక దర్శనాన్ని బట్టి ప్రకటిస్తారు కనుక ఆ తేదీని ఫోనులో ‘సుమారు’ అని వ్రాసుకోవడమే మంచిది.

గడువు తేదీ వేరు, పని తేదీ వేరు

గతంలో పాస్‌పోర్టు తెరిచినప్పుడల్లా నివాస వీసా స్టిక్కరుపై గడువు కంటబడేది. 2022 నుండి ఆ స్టిక్కరు తొలగిపోయి, ఎమిరేట్స్ ఐ.డి. కార్డే నివాసానికి ఆధారమైంది. కార్డు గడువు ముగిసి 30 రోజులు దాటితే రోజుకు 20 దిర్హాముల చొప్పున, 1000 దిర్హాముల వరకు జరిమానా పడుతుంది. భారతీయ పాస్‌పోర్టు పెద్దలకు సాధారణంగా 10 ఏండ్లు, పిల్లలకు 5 ఏండ్లు చెల్లుతుంది. కనుక ఒకే ఇంటిలో గడువులు వేరు వేరు. పైగా ప్రయాణానికి తరచుగా 6 నెలల చెల్లుబాటు మిగిలి ఉండాలంటారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు గడువు తేదీకే అలారం పెట్టుకోవడం. అది మ్రోగేసరికి పని చేయడానికి వ్యవధి ఉండదు. పాస్‌పోర్టుకైతే గడువుకు 8 నెలల ముందు, ‘ఈ వారం చిన్నవాడి ఫొటో తీయించాలి, దరఖాస్తు నింపాలి’ అని వ్రాయాలి. ‘పాస్‌పోర్టు’ అన్న ఒక్క మాట వట్టి కొంగుముడి. ‘ఎవరు, ఏమి, ఎప్పటిలోగా’ అన్నవి చేరినప్పుడే అది ఉపయోగపడే ముడి.

ముడులు మితిమీరితే

కొంగు నిండా ముడులు వేసుకుంటే ఏ ముడి దేనికో తెలియదు. ఫోను కూడా అంతే. అంగడి ప్రకటనకు, వార్తకు, తల్లి మాత్రకు ఒకే ధ్వని మ్రోగితే చెవి మూడింటినీ సమానంగా అలక్ష్యం చేస్తుంది. ప్రకటనల శబ్దాలను ఆపివేసి, ముఖ్యమైన వాటికే ప్రత్యేక ధ్వని కేటాయించాలి. భార్యాభర్తలు ఒకే క్యాలెండరును పంచుకుంటే ఒకరు మరచినా మరొకరికి గుర్తుంటుంది.

ఫోను పోగొట్టుకునే అవకాశాన్నీ తలచుకోవాలి. బనియాస్ వేసవిలో మూసిన కారులో వదిలిన ఫోను బ్యాటరీ వేడికి దెబ్బతింటుంది. సమాచారానికి మరొక చోట నకలు ఉండాలి. ముఖ్యమైన ఫోను నంబర్లు, కార్డుల గడువులు ఒక కాగితంపై వ్రాసి బీరువాలో ఉంచాలి. స్వదేశపు బ్యాంకు పంపే రహస్య సంకేతం భారత సిమ్ కార్డుకే వచ్చే పక్షంలో, దాని రీఛార్జి తేదీకి కూడా ఒక ముడి వేసుకోవాలి. ఆ నంబరు రద్దయితే ఖాతా ఉండీ చేతికందదు.

రాత్రి 8 గంటల వేళ రాజమండ్రిలో ఫోను మ్రోగుతుంది. మాత్ర సంగతి గుర్తు చేయడం యంత్రమే చేయగలదు. తల్లి గొంతులో నీరసాన్ని పసిగట్టి ‘భోజనం చేశావా అమ్మా?’ అని అడగడం మాత్రం కుమార్తె వంతు. తేదీలు మోసే భారం ఫోనుకు అప్పగించడం, మనస్సును ఈ రెండవ పనికి మిగుల్చుకోవడానికే.