నయాపూల్... పేరుకే కొత్త!

బోనాల మర్నాడు లాల్‌దర్వాజా నుంచి బయల్దేరే ఘటాల ఊరేగింపు ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసా? శాలిబండ, చార్మినార్, మదీనా దాటి నయాపూల్‌ దాకా. అమ్మవారి ఘటాలను సాగనంపేది అక్కడే, మూసీలో. ఊరేగింపు చూడ్డానికి ఎగబడే మనం ఆ వంతెనను మాత్రం పట్టించుకోం. రోజూ బైక్ మీద దాటేదే కదా అనుకుంటాం. కానీ దాని వెనక పెద్ద కథే ఉంది.

పాతదే నిలిచింది!

మూసీ మీద మొదటి వంతెన పురానాపూల్. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు. అంటే చార్మినార్ కన్నా 13 ఏళ్లు పెద్దది. ఆ తర్వాతెప్పుడో అఫ్జల్‌గంజ్ దగ్గర కట్టినదే మన నయాపూల్.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగింది. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ ఆ ధాటికి ఆగలేదు. అటూ ఇటూ వెళ్లడానికి మిగిలింది పురానాపూల్ ఒక్కటే. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. నది పక్కనున్న ఓ చింతచెట్టెక్కి 150 మందికి పైగా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. నయాపూల్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే!

ఆ వరదప్పుడే ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కి, పసుపు కుంకుమలు, పట్టుబట్టలు మూసీకి సమర్పించాడనీ, ఆ తర్వాతే నది శాంతించిందనీ పాతబస్తీ పెద్దలు చెబుతారు.

మళ్లీ వచ్చింది

మొక్కుతోపాటు జాగ్రత్తా పడ్డారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇక భయం లేదనుకున్నాం. కానీ 2025 సెప్టెంబరు చివర్లో ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తగానే మూసీ పొంగి, ఒడ్డునే ఉన్న ఎంజీబీఎస్‌ బస్టాండ్‌లోకి వచ్చేసింది. ప్రయాణికులు రాత్రంతా అవస్థ పడ్డారు.

ఇప్పుడు సిటీలో స్టీల్ బ్రిడ్జీలూ వచ్చాయి. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో ప్రారంభించిన దానికి సుమారు 450 కోట్లు ఖర్చయింది. ట్రాఫిక్‌కి దారి దొరికింది, మంచిదే. మరి నదికి? రాయితో కట్టినా, ఉక్కుతో కట్టినా వంతెన నిలవాలంటే కింద నీళ్లకు చోటుండాలి. చెత్త పోసి, ఒడ్డు ఆక్రమించి ఆ చోటు మనమే మింగేస్తే ఎలా?

ఈసారి నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఫోన్ పక్కన పెట్టి కిందికి చూడండి. మూసీకి ఎంత చోటు మిగిల్చామో మీకే తెలుస్తుంది.