వ్రేలిముద్ర వేయుటకు ముందు

క్రొత్త విత్తనమును పరీక్షింపనెంచినపుడు మేము రైతును రెండు గుంటల నేల యడుగుదుము. ఆ రెండు గుంటలు చెడినను మిగిలిన చేను నిలుచును. మరుసటి తొలకరికి ఆ నేలనే మరల దున్నుకొనవచ్చును. మనుష్యశరీరము అట్టిది కాదు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల సభ్యుల యిండ్లకు ఎవరైన వచ్చి, పరిశోధన నిమిత్తము రక్తమునో, క్రొత్త మందు పుచ్చుకొనుటకు సమ్మతినో యడిగినచో నేమి చేయవలెనో యీ మాసము వ్రాయుచున్నాము.

పరిశోధన ద్వేషింపదగినది కాదు. 1897వ సంవత్సరమున మనకు చేరువనున్న బేగంపేటలో రొనాల్డు రాసు మలేరియా రహస్యమును కనుగొనుటకు హుసేన్ ఖాన్ అను రోగి తోడ్పడెను. దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని అతడు దోమలచే కుట్టించుకొనెను. అట్టివారి వలన లోకమునకు మేలు కలిగినది. కాని అణా యిచ్చినంతమాత్రమున ధర్మము తీరదు.

2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి, గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు కాన్సరును నివారించు టీకాను 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయించిరి. వారిలో పలువురు వసతిగృహములలోని గిరిజన బాలికలు. టీకా చెడ్డది కాదు. పెక్కు దేశములలో వాడుకలో నున్నది. కొందరు బాలికలు మరణించిన పిమ్మట 2010 ఏప్రిల్‌లో ఆ పని నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణముగా తోచలేదని విచారణసంఘము తెలిపెను. అయినను తప్పు వేరొకచోట బయటపడెను. పరిశీలించిన 9,543 అంగీకారపత్రములలో 2,763 పత్రములపై వసతిగృహాధికారులే సంతకము చేసిరి. 1,948 పత్రములపై వ్రేలిముద్రలు మాత్రముండెను. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని గట్టిగా ఖండించెను. పాలేరు సంతకముతో పొలము అమ్ముడుపోదు గదా! బిడ్డ శరీరము పొలముకంటె తక్కువదా? ఆ కార్యక్రమమునకు ‘ప్రదర్శన’ యని పేరు. మా వృత్తికిని అదియే పేరగుటచే మాకు మిక్కిలి నొప్పి కలిగినది.

మేమును దోషరహితులము కాము. ఒక గ్రామమున, అన్న యొప్పుకొనెనని తమ్ముని చేనిలో పరీక్షావిత్తనము వేయించితిమి. పంట చెడెను. ఆ తమ్ముడు మమ్ము నిందింపలేదు. “నన్నొక్క మాట అడిగియుండిన బాగుండెడిది, అయ్యా” అని మాత్రమనెను. ఆ మాట మాకిప్పటికిని వినబడుచునేయున్నది.

కావున సభ్యులు గుర్తుంచుకొనవలసినవి:

1. ఆ పరిశోధనను నైతిక సంఘము ఆమోదించినదా యని యడుగవలెను. 2019 నాటి క్రొత్త మందుల నియమముల ప్రకారము అందు కనీసము ఏడుగురుండవలెను. సగముమంది ఆ సంస్థకు వెలుపలివారై యుండవలెను.

2. ఏమి చేయుదురో, అపాయమేమో, లాభమేమో మన భాషలో చెప్పవలెను. ఆ కాగితపు ప్రతి మన చేతికీయవలెను.

3. చదువురానివారికి, పరిశోధకులతో సంబంధము లేని సాక్షి యెదుట చదివి వినిపించిన పిదపనే వ్రేలిముద్ర తీసికొనవలెను.

4. సర్పంచి యనుమతి మన యనుమతికి బదులు కాజాలదు. పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి వలయును. ఏడేండ్లు నిండిన బిడ్డనుగూడ అడుగవలెను.

5. ఎప్పుడైనను మానుకొనవచ్చును. అందువలన మనకు రావలసిన వైద్యము ఆగరాదు.

6. క్రొత్త మందు పరీక్షవలన హాని కలిగినచో ఉచితచికిత్సయు, నష్టపరిహారమును ఈయవలెను. పోయిన కూలి, దారి ఖర్చు ఇచ్చుట న్యాయమే. ధనాశ చూపి యొప్పించుట న్యాయము కాదు.

అప్పుపత్రమును చదివించుకొనక సంతకము చేసినవారు పడిన పాట్లు మన సంఘసభ్యులకు క్రొత్తవి కావు. ఈ కాగితమునుగూడ అట్లే చదివించుకొనుడు. చదువు వచ్చిన సభ్యుడు రానివాని యింటికిపోయి చదివి వినిపించునేని, ఆ సాయంకాలము సంఘము తన పని చేసినట్లే.