కొత్త సెడాన్ కొంటున్నారా? ‘ఆన్‌రోడ్’ మొత్తం కాదు.. కొటేషన్‌లో ఒక్కో లైన్ అడగండి!

గద్వాల / వనపర్తి / నాగర్‌కర్నూల్: ఇంట్లో పెళ్లి కుదిరినా, గల్ఫ్‌లో ఉన్న కొడుకు సెలవుపై వస్తున్నా, అబ్బాకు హైదరాబాద్ ఆసుపత్రికి నెలనెలా తిరగాల్సి వచ్చినా ‘ఒక మంచి కారు తీసుకుందాం’ అనే మాట మొదలవుతుంది. నలుగురైదుగురు హాయిగా కూర్చోవాలి, డిక్కీలో సామాను పట్టాలి, హైవేపై కుదుపు ఉండొద్దు. ఇవన్నీ చూస్తే చాలా కుటుంబాల చూపు మిడ్‌సైజ్ సెడాన్ మీద పడుతుంది. కారు ఎంచుకోవడం అంత కష్టం కాదు. ధర దగ్గరే చాలామంది మోసపోతుంటారు. మోసం అనేది పెద్ద మాటే కావొచ్చు గానీ, అడగాల్సినవి అడగకుండా సంతకం పెట్టి యాభై, అరవై వేలు ఎక్కువ కట్టి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ముందుగా తెలుసుకోవాల్సిన విషయం.. ఈ బేరంలో బలం కొనేవాళ్ల వైపే ఉంది. జనం ఎస్‌యూవీల మీద పడ్డాక సెడాన్లకు గిరాకీ తగ్గింది. టయోటా యారిస్ 2021లో ఆగిపోయింది. మారుతి సియాజ్ 2025లో ఆగిపోయింది. ఈ తరగతిలో ప్రధానంగా మిగిలినవి హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా. నెమ్మదిగా అమ్ముడయ్యే బండి షోరూమ్ యార్డులో నిలబడితే డీలర్‌కు రోజూ వడ్డీ భారమే. అందుకే సెడాన్ అడిగిన కస్టమర్‌ను వట్టి చేతులతో పంపడానికి ఏ షోరూమూ ఇష్టపడదు.

జీఎస్టీ తగ్గింపు డీలర్ ఇచ్చిన డిస్కౌంట్ కాదు

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న చిన్న కార్లకు 18 శాతం. డిజైర్, అమేజ్, ఆరా, టిగోర్ లాంటి చిన్న సెడాన్లు ఈ లెక్కలోకి వస్తాయి. పైన చెప్పిన మిడ్‌సైజ్ సెడాన్లన్నీ నాలుగు మీటర్లు దాటినవే కాబట్టి వాటికి 40 శాతం. ‘40 శాతమా!’ అని భయపడాల్సిన పని లేదు. అంతకుముందు 1500 సీసీ లోపు మిడ్‌సైజ్ కారుకు 28 శాతం జీఎస్టీ, 17 శాతం సెస్సు కలిపి 45 శాతం ఉండేది. అంటే పన్ను తగ్గింది. ఇప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 12 లక్షలు ఉన్న కారు పాత పన్నుతో అయితే దాదాపు 12 లక్షల 43 వేలు అయ్యేది.

ఈ లెక్క ఎందుకంటే, కొన్నిచోట్ల సేల్స్‌మన్ ‘భాయ్‌సాబ్, ఈ కారు మీద మీకు 40 వేలు తగ్గించినం’ అంటాడు. వివరం అడిగితే అది జీఎస్టీ తగ్గింపే అని తేలుతుంది. అది ప్రభుత్వం తగ్గించింది, ప్రతి కస్టమర్‌కూ వస్తుంది. బేరం దాని తర్వాతే మొదలవ్వాలి.

కొటేషన్‌ను విడదీసి చూడండి

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికే. ఎక్స్‌షోరూమ్ ధర 12,00,000. లైఫ్ ట్యాక్స్ 2,04,000. టీసీఎస్ 12,000. ఇన్సూరెన్స్ 58,000. యాక్సెసరీస్ కిట్ 25,000. అదనపు వారంటీ 20,000. ‘హ్యాండ్లింగ్’ పేరుతో 10,000. మొత్తం 15,29,000. సేల్స్‌మన్ ఇందులో 40 వేలు తగ్గించి ‘14.89కి ఫైనల్, ఇదే లాస్ట్ ప్రైస్’ అంటాడు. ఇంటికొచ్చి అందరికీ ‘నలభై వేలు తగ్గించిండు’ అని చెప్పుకుంటాం.

ఇప్పుడు లైన్లు విడదీద్దాం. అదే ఇన్సూరెన్స్ బయట 42 వేలకు దొరికితే 16 వేలు మిగులుతాయి. మ్యాట్లు, సీటు కవర్లు, మడ్‌ఫ్లాప్‌ల కిట్ వద్దంటే 25 వేలు. హ్యాండ్లింగ్ తీసేయిస్తే 10 వేలు. మొత్తం 51 వేలు. అంటే డీలర్ ఇచ్చిన 40 వేల ‘డిస్కౌంట్’ కన్నా, ఆయన అదనంగా కలిపిందే ఎక్కువ! అసలు బేరం చేయాల్సిన డిస్కౌంట్ ఇంకా మొదలే కాలేదు.

అందుకే షోరూమ్‌లో మొదటి మాట ఇలా ఉండాలి: ‘అన్నా, ఆన్‌రోడ్ ఎంత అని వద్దు, ఒక్కో లైన్ విడిగా రాసి స్టాంపు వేసి ఇవ్వండి.’ ఇవ్వడానికి ఇబ్బంది పడే షోరూమ్ అయితే అక్కడే సగం జవాబు వచ్చినట్టు.

వీటిలో బేరానికి లొంగనివి కూడా ఉన్నాయి. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానికి పోయేది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. 2022లో తెలంగాణ సవరించిన శ్లాబుల ప్రకారం 5 నుంచి 10 లక్షల కార్లకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల వాటికి 17 శాతం అయింది. పై ఉదాహరణలో వేసింది ఆ 17 శాతమే. ఆ తర్వాతా రేట్లు కదిలాయి కాబట్టి బుక్ చేసే రోజు రవాణా శాఖ రేటు చూసుకోవాలి. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇప్పటికే ఒక కారు పేరున ఉన్న వ్యక్తి రెండోది కొంటే పన్ను మరో 2 శాతం ఎక్కువ పడుతుంది. 12 లక్షల కారు మీద అది 24 వేలు. ఇంట్లో ఎవరి పేరున తీసుకోవాలో ముందే మాట్లాడుకోవడం మంచిది. రెండోది, 10 లక్షల గీత. చిన్న సెడాన్ టాప్ మోడల్ 9.95 లక్షలు ఉంటే 14 శాతం చొప్పున పన్ను 1,39,300. అదే 10.10 లక్షలు అయితే 17 శాతం లెక్కన 1,71,700. ధరలో తేడా 15 వేలే, పన్నులో తేడా 32 వేల పైన!

టీసీఎస్ విషయంలో మన దగ్గర చాలామంది నష్టపోతున్నారు. 10 లక్షలు దాటిన కారుపై డీలర్ 1 శాతం వసూలు చేసి కొన్నవారి పాన్ నంబర్ మీద ఆదాయపు పన్ను శాఖకు కడతారు. అది ఖర్చు కాదు, ముందుగా కట్టిన పన్ను లాంటిది. రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, కట్టాల్సిన పన్ను లేకపోతే వాపస్ వస్తుంది. డబ్బు దుబాయ్ నుంచి కొడుకు పంపినా, కారు అబ్బా పేరున ఉంటే ఆ క్రెడిట్ అబ్బా పాన్‌లోనే కనిపిస్తుంది. ‘నాకు ఆదాయమే లేదు, రిటర్న్ ఎందుకు’ అని ఆయన వదిలేస్తే 12 వేలు వదులుకున్నట్టే.

ఇన్సూరెన్స్ అక్కడే తీసుకోవాలా?

అవసరం లేదు. బండితో పాటు తమ దగ్గరే పాలసీ తీసుకోవాలని డీలర్ బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలే చెబుతున్నాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి ఈ పద్ధతి వచ్చింది. దీని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022లో ఖరారు చేసిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ కారుకు మూడేళ్లకు రూ.10,640, పైన జీఎస్టీ. తేడా అంతా మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో, జీరో డెప్ లాంటి అదనపు కవర్లలో ఉంటుంది. డీలర్‌కు కమీషన్ వచ్చేదీ అక్కడే.

పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే బండికి బీమా కంపెనీ కట్టే విలువ, రెండు కొటేషన్లలో ఒకటేనా అని చూడండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించడం సులువు. కొత్త బండికి ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం దాకా ఐడీవీ ఉండాలి. పాత కారు అమ్మి కొత్తది కొంటున్నవాళ్లు ఇంకోటి మర్చిపోవద్దు. పాత పాలసీలో క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే అది కొత్త కారుకు మారుతుంది, గరిష్ఠంగా 50 శాతం దాకా. షోరూమ్ వాళ్లు ఈ మాట తమంతట తాము ఎత్తడం అరుదు.

ఎక్కడ అడగాలి, ఎప్పుడు అడగాలి

మూడు జిల్లాల కుటుంబాలకు మిడ్‌సైజ్ సెడాన్ కోసం మహబూబ్‌నగర్, హైదరాబాద్, కర్నూలు వైపే చూడాల్సి వస్తుంది. ఇది ఇబ్బందే గానీ బేరానికి మాత్రం లాభమే. మూడు ఊళ్ల నుంచి మూడు కొటేషన్లు తెచ్చుకోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే వేరియంట్, ఒకే రంగుకు అడగండి, అప్పుడే పోలిక కుదురుతుంది. హైదరాబాద్‌లో కొన్నా మన జిల్లా అడ్రస్‌పై రిజిస్ట్రేషన్‌కు అడ్డేమీ లేదు. నాగర్‌కర్నూల్‌కు టీజీ 31, వనపర్తికి 32, గద్వాలకు 33. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గరే. కానీ అది ఆంధ్రప్రదేశ్. నివాసం తెలంగాణలో ఉంటే రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తెలంగాణలోనే కట్టాలి. కర్నూలు ధర చవగ్గా కనిపిస్తే, అది తెలంగాణ పన్నుతో వేసిన లెక్కేనా అని అడగండి. లేదంటే ఆ కొటేషన్ బేరానికి కూడా పనికిరాదు.

కాలం కూడా డబ్బే. నెలాఖరు, త్రైమాసికం చివర షోరూమ్‌కు టార్గెట్ ఒత్తిడి ఉంటుంది. డిసెంబర్‌లో అయితే ‘పాత సంవత్సరం బండి’ అయిపోతుందన్న భయం తోడవుతుంది. దసరా, ధన్‌తేరస్‌కు జనం వరుస కడతారు కాబట్టి అప్పుడు డీలర్ దిగడు. ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో చాలామంది హిందూ సోదరులు కొత్త బండి తీసుకోరు, షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి. ఆ పట్టింపు లేని కుటుంబాలకు బేరం చేయడానికి అంతకన్నా మంచి రోజులు దొరకవు.

పాత కారు ఎక్స్ఛేంజ్ ఉంటే ఆ మాట చివర్లో ఎత్తండి. కొత్తదాని ధర ఖరారయ్యాక, పాతదానికి బయట రెండు చోట్ల రేటు తెలుసుకుని అప్పుడు మాట్లాడాలి. రెండూ కలిపి మాట్లాడితే ఇక్కడ ఇచ్చింది అక్కడ లాగేస్తారు. పాత బండి అప్పగించే రోజు తేదీ, సమయంతో రసీదు తీసుకుని, ఆర్సీ పేరు మారేదాకా వెంటపడాలి. రేపు ఆ బండితో ప్రమాదం జరిగితే నోటీసు పాత ఓనర్ ఇంటికే వస్తుంది.

లోన్ అడిగితే ఏం చెప్పాలి?

వడ్డీ వద్దని మొత్తం డబ్బు సమకూర్చుకుని వెళ్లే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. ‘పూర్తి డబ్బు ఇస్తున్నాం కాబట్టి ఎక్కువ తగ్గిస్తారు’ అనుకుంటారు. జరిగేది తరచూ దీనికి వ్యతిరేకం. లోన్ ఇప్పిస్తే డీలర్‌కు బ్యాంకు నుంచి కమీషన్ వస్తుంది, మొత్తం కట్టేవాళ్ల దగ్గర అది రాదు. కాబట్టి ‘లోనా, ఫుల్ పేమెంటా?’ అని మొదటే అడిగితే, ‘ముందు ధర తేల్చండి, చెల్లింపు సంగతి తర్వాత చెప్తాం’ అంటే సరిపోతుంది. అబద్ధం ఆడాల్సిన పనే లేదు. ‘జీరో వడ్డీ’ స్కీమ్ చూపిస్తే, అదే కారుకు స్కీమ్ లేకుండా డిస్కౌంట్ ఎంత అని అడగండి. ఆ రెండిటి మధ్య తేడాయే చాలాసార్లు పేరు మార్చుకున్న వడ్డీ.

డబ్బు చేతులు మారేటప్పుడు ఆదాయపు పన్ను చట్టం గుర్తుంచుకోవాలి. ఒక కారు అమ్మకానికి డీలర్ 2 లక్షలు లేదా అంతకన్నా ఎక్కువ నగదు తీసుకోకూడదు. బంధువుల దగ్గర ఖర్జె హసనా తీసుకున్నా, 20 వేలు లేదా అంతకుమించి నగదు రూపంలో అప్పు తీసుకోకూడదు. వడ్డీ లేకపోయినా అది అప్పే. పట్టుబడితే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మామూ, చాచా ఇచ్చే డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే రావాలి.

లోన్ తప్పదనుకునేవాళ్లు ‘ఫ్లాట్ రేట్’ మాటకు లొంగొద్దు. 8 లక్షలకు ఐదేళ్లు 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,80,000, నెలకు ఈఎంఐ 18,000. మిగిలిన అసలు మీద లెక్కిస్తే అది దాదాపు 12.5 శాతం వడ్డీ. బ్యాంకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ తప్పక ఇవ్వాలి, అందులో మొత్తం వార్షిక ఖర్చు శాతం రాసి ఉంటుంది. చూడాల్సింది ఆ అంకె.

డెలివరీకి ముందు

బుకింగ్ డబ్బు షోరూమ్ ఖాతాకే వేయండి, సేల్స్‌మన్ ఫోన్‌పేకి వద్దు. రద్దు చేస్తే ఎంత వాపస్, ఎన్ని రోజుల్లో అనేది రసీదు మీదే రాయించుకోండి. ఒప్పుకున్న డిస్కౌంట్ ఇన్వాయిస్‌లో కనిపించాలి. ‘తర్వాత ఖాతాలో వేస్తాం’ అన్న మాటకు సాక్ష్యం ఉండదు.

మిగిలిన డబ్బు కట్టే ముందు బండి చూడాలి. ఛాసిస్ నంబర్ బట్టి తయారైన నెల, సంవత్సరం చెప్పమనండి. టైరు మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. బండి ఏడెనిమిది నెలలు యార్డులో ఉందని తేలితే తీసుకోకూడదనేం లేదు, కానీ దానికి ధర వేరే ఉండాలి. ఇన్వాయిస్, ఫారం 21, ఫారం 22లో ఉన్న ఛాసిస్ నంబర్, బండి మీది నంబర్ ఒక్కటేనా అని స్వయంగా సరిచూసుకోండి. హ్యాండ్లింగ్ లాంటి రసీదు లేని వసూళ్లపై షోరూమ్ మేనేజర్ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఇన్సూరెన్స్ బలవంతంపై అయితే ఐఆర్‌డీఏఐ నంబర్ 155255. ఫిర్యాదుకు కాగితం కావాలి కాబట్టి మొదటి రోజు స్టాంపు వేయించుకున్న కొటేషన్ పారేయకండి.