రాళ్ళు పేర్చి నిలిపిన ఊళ్ళు

పిల్లలూ! ఇటలీ దేశపటం బూటు తొడుక్కున్న కాలులా ఉంటుందని మీకు తెలుసు. ఆ కాలికి పై భాగాన, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర, కోమో అనే సరస్సు ఉన్నది. అక్కడినుంచి దక్షిణంగా సముద్రతీరానికి పోతే ఐదు చిన్న ఊళ్ళు కొండలను కరచుకుని ఉన్నవి. సెలవులకు ఇటలీ పోయేవాళ్ళు చాలామంది ఈ రెండూ చూసి వస్తారు. మేమూ చూశాము.

మిలాన్ నగరంలో రైలెక్కితే గంట సేపటికి సరస్సు ఒడ్డున వారెన్నా అనే ఊరు వస్తుంది. కోమో సరస్సు తలకిందులుగా వ్రాసిన ఇంగ్లీషు 'వై' అక్షరంలా ఉంటుంది. రెండు పాయలు చీలేచోట బెల్లాజియో అనే అందమైన ఊరు ఉన్నది. వారెన్నానుంచి లాంచీలో పావుగంట ప్రయాణం.

ఈ సరస్సు లోతు 1,300 అడుగులకు పైమాటే. నీటిమట్టం సముద్రం కంటె 650 అడుగులు మాత్రమే ఎత్తు. తీసివేత చేసి చూడండి! కొండల నడుమ ఉన్న సరస్సు అడుగు సముద్రమట్టానికి ఎంతో దిగువన ఉన్నదన్నమాట. ఇంత గొయ్యి తవ్వినది హిమనదం. వేలాది సంవత్సరాల క్రితం ఆల్ప్స్ మీదినుంచి మంచు నదిలా మెల్లగా కిందికి జారుతూ లోయను తొలిచింది. మంచుకు ఉలి ఎక్కడిదంటారా? దానిలో చిక్కుకున్న బండరాళ్ళే ఉలులు.

వారెన్నా పక్కనే ఒక ఏరు ఉన్నది. పొడవు 800 అడుగులు మాత్రమే. కొండ గుహలోనుంచి నురగలు కక్కుతూ వచ్చి సరస్సులో పడుతుంది. చలికాలంలో ఎండిపోతుంది. లియొనార్దొ దా వించి దీనిని గురించి తన కాగితాలలో వ్రాసుకున్నాడు. దీని పేరు ఫ్యూమెలాత్తె, అనగా పాల ఏరు. మన ఖమ్మం జిల్లాలోనూ పాలేరు ఉన్నది కదా!

ఇక సముద్రతీరం. మిలాన్ మీదుగా మళ్ళీ రైలులో దక్షిణానికి మూడు గంటలకు పైగా పోవాలి. మొంతెరోస్సో, వెర్నాజ్జా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే – ఈ ఐదూళ్ళ సీమను చింక్వె తెర్రె అంటారు. ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి రైలులో కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలూ చాలావరకు సొరంగంలోనే గడుస్తాయి. హఠాత్తుగా వెలుతురు, నీలి సముద్రం, అంతలోనే స్టేషను! నాలుగు ఊళ్ళు నీటి అంచునే ఉంటే, కొర్నీల్యా ఒక్కటి గుట్టమీద కూర్చున్నది. స్టేషనునుంచి దానికి 370కి పైగా మెట్లు ఎక్కాలి. నా మోకాళ్ళు ఆ లెక్కను ఇంకా మరచిపోలేదు.

అందరూ రంగురంగుల ఇండ్లను ఫోటో తీసుకుంటారు. వాటి వెనుక ఉన్న కొండను చూసేవాళ్ళు తక్కువ. ఆ కొండ నిండా మెట్లు చెక్కినట్టు సన్నని పొలాలు. ద్రాక్ష, ఆలివ్, నిమ్మ. ఏటవాలు నేల మీద మన్ను నిలవదు. అందుచేత దాదాపు వెయ్యేళ్ళనుంచి అక్కడి రైతులు రాళ్ళు ఏరి, అడ్డంగా గోడలు పేర్చి, వాటి వెనుక మన్ను నింపి పొలాలు చేశారు. గోడలో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పొందికగా కూర్చడమే.

సిమెంటుతో కడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని మీకు తోచవచ్చు. కాని వానపడినప్పుడు నీరు పోయే దారి ఉండదు. వెనుక నిలిచిన నీరు గోడను తోసివేస్తుంది. రాళ్ళ సందులనుంచి అయితే నీరు మెల్లగా జారిపోతుంది, మన్ను నిలుస్తుంది. అయితే ఈ గోడకు ఏటా సేవ చేయాలి. ఒక రాయి జారితే వెంటనే మళ్ళీ పెట్టాలి. లేకపోతే దాని పైవి వరసగా దిగుతాయి.

చిక్కు ఇక్కడే వచ్చింది. పక్కనే లా స్పెజియా పట్నంలో ఓడల కార్ఖానాలు వెలిసినవి. కూలి బాగా గిట్టుతుంటే, బుట్టలు మోస్తూ కొండ ఎక్కేదెవరు? తరువాత యాత్రికులు వచ్చారు. గదులు అద్దెకివ్వడం ద్రాక్ష పండించడం కంటె సులువు. వారిని తప్పుపట్టలేము. కాని చూసేవాళ్ళు లేక ఎన్నో గోడలు కూలిపోయినవి. 1997లో యునెస్కో ఈ సీమను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు గోడను నిలబెట్టదు, నిలబెట్టేది చేతులే.

2011 అక్టోబరు 25న కొద్ది గంటలలో కుంభవృష్టి కురిసింది. కొండ మీది మన్ను, రాళ్ళు వరదలా దిగి వెర్నాజ్జా, మొంతెరోస్సోల వీధులను ముంచివేసినవి. దుకాణాలు బురదలో పూడిపోయినవి. ప్రాణాలు కూడా పోయినవి. ఊళ్ళవాళ్ళూ, పైనుంచి వచ్చిన సహాయకులూ నెలల తరబడి బురద ఎత్తిపోశారు.

ఇప్పుడు రాతిగోడలు కట్టడం కొత్తవాళ్ళకు నేర్పుతున్నారు. 2018లో ఈ పనితనాన్ని కూడా యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చింది. నిటారు పొలాలనుంచి ద్రాక్షబుట్టలు దించడానికి ఒంటిపట్టా మీద నడిచే బుల్లి బండి కూడా ఉన్నది. దాన్ని చూస్తే మీకు ఎక్కాలనిపిస్తుంది.

రియోమజ్జోరేకూ మనరోలాకూ నడుమ సముద్రం మీదుగా ఒక నడకదారి ఉన్నది. 2012లో రాళ్ళు పడి కొందరికి గాయాలయితే మూసివేశారు. పైనున్న కొండ చరియను బాగుచేసి 2024లో పూర్తిగా తెరిచారు. ఆ దారి పొడవు కిలోమీటరైనా లేదు.