తీగ తెగినా ఎరుపే వెలగాలి
రైల్వే గేటు నమూనా తయారీలో విద్యార్థులు మరువరాని సూత్రం

శంషాబాద్: పాఠశాలల్లో వైజ్ఞానిక ప్రదర్శన ఏర్పాటైతే రైల్వే గేటు నమూనా ఒక్కటైనా కనిపిస్తుంది. అట్టపై పరిచిన పట్టాలు, వాటి మీద బొమ్మరైలు, అది సమీపించగానే దానంతటదే వాలే గేటు చూపరులను ఆకట్టుకుంటాయి. రైలు వస్తే గేటు పడింది, వెళ్లాక లేచింది.. ఇంతవరకు చూసి మెచ్చుకుని సాగిపోవడం పరిపాటి. అయితే అట్ట వెనుక ఉన్న తీగల్లో ఒకటి ఊడిపోతే ఏమవుతుందన్న ప్రశ్న వేసేవారు అరుదు. అప్పుడు గేటు తెరుచుకుని ఉండగానే రైలుకు పచ్చదీపం వెలిగితే, ఆ నమూనా ఎంత అందంగా ఉన్నా పరీక్షలో తప్పినట్లే. అసలు గేటుకైనా, బొమ్మ గేటుకైనా మూలసూత్రం ఒక్కటే. ఏ లోపం తలెత్తినా రైలుకు ఎరుపే కనిపించాలి.

విమానాశ్రయం పొరుగునే పట్టాలు
శంషాబాద్ అంటే నేడు అందరికీ 2008 మార్చిలో ప్రారంభమైన అంతర్జాతీయ విమానాశ్రయమే గుర్తుకొస్తుంది. ఆ పక్కనే ఉందానగర్ స్టేషను మీదుగా కాచిగూడ-మహబూబ్‌నగర్ రైలుమార్గం సాగుతోంది. సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల మేర పూర్తయిన డబ్లింగ్, విద్యుదీకరణ పనులను 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఎంఎంటీఎస్ రెండో దశలో భాగంగా ఫలక్‌నుమా-ఉందానగర్ మార్గం కూడా అందుబాటులోకి వచ్చింది. జంట మార్గంపై ఒక రైలు వెళ్లగానే ఎదురుగా మరొకటి రావచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు వస్తుంది. కిలోమీటరు దూరంలో కనిపించిన రైలు 36 సెకన్లలో గేటు వద్ద ఉంటుంది.

రెండు దుర్ఘటనలు.. ఒక పాఠం
2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని లెవల్‌ క్రాసింగ్‌పై పాఠశాల బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొంది. బడికి బయలుదేరిన చిన్నారులు మృత్యువాత పడ్డారు. అనంతరం దేశవ్యాప్తంగా బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లను తొలగించే పని వేగం పుంజుకుని 2019 జనవరి నాటికి పూర్తయింది.

కాపలా ఉంటే సరిపోతుందా? 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు సమీపంలో సెమ్మంకుప్పం వద్ద పాఠశాల వ్యానును రైలు ఢీకొని విద్యార్థులు మరణించారు. అక్కడ గేటు ఉంది, కాపలాదారూ ఉన్నారు. అయితే ఆ గేటుకు సిగ్నలుతో ఇంటర్‌లాకింగ్ లేదు. అంటే గేటు మూసినా, మూయకున్నా రైలుకు సిగ్నలు ఇచ్చేందుకు అడ్డులేదు. ఆ ఘటన తరువాత గేట్లకు ఇంటర్‌లాకింగ్ తప్పనిసరి చేసే పరిమితిని 20 వేల నుంచి 10 వేల టీవీయూలకు తగ్గించాలని రైల్వేశాఖ నిర్ణయించింది. రోజూ గేటు మీదుగా వెళ్లే రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల లెక్కతో గుణిస్తే వచ్చేదే టీవీయూ.

అసలు గేటులో జరిగేదిది
ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటును మూసి, తాళం పడ్డాకే సిగ్నలు పచ్చగా మారుతుంది. సిగ్నలు పచ్చగా ఉన్నంతసేపు గేటు తెరుచుకోదు. రైలు వెళ్లిన వెంటనే గేటు లేవలేదని వాహనదారులు విసుక్కోవడానికి కారణం చాలాచోట్ల ఇదే. ఎదురు మార్గంలో మరో రైలుకు అప్పటికే సిగ్నలు ఇచ్చి ఉంటే గేట్‌మన్ కోరుకున్నా తీయలేరు.

పట్టాల మీద రైలు ఉన్నదీ లేనిదీ తెలిపే ట్రాక్ సర్క్యూట్‌ను 1872లో అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ రూపొందించారు. పట్టాల గుండా స్వల్ప విద్యుత్తు నిరంతరం ప్రవహిస్తూ చివర ఉన్న రిలేను పట్టి ఉంచుతుంది. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలపగానే విద్యుత్తు రిలేకు చేరదు. రిలే పడిపోతుంది, ఎరుపు వెలుగుతుంది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా జరిగేది అదే. ‘అంతా క్షేమం’ అనడానికి విద్యుత్తు కావాలి, ‘ఆగు’ అనడానికి అక్కరలేదు. నమూనా తయారుచేసే విద్యార్థి పట్టుకోవలసిన కీలకం ఇదే. సికింద్రాబాద్ తార్నాకలో 1957 నుంచి నడుస్తున్న ఇరిసెట్ సంస్థలో సిగ్నల్ ఇంజినీర్లు నేర్చుకునే తొలి పాఠాల్లోనూ ఇది ఉంటుంది.

కావలసిన సామగ్రి
ఆర్డ్వినో యునో బోర్డు, ఎస్‌జీ-90 సర్వో మోటారు, రెండు జతల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు-ఫొటో ట్రాన్సిస్టర్లు, 5 వోల్టుల రిలే, చిన్న మైక్రోస్విచ్, ఎరుపు, పచ్చ ఎల్‌ఈడీలు, 220 ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లు, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, 5 వోల్టుల అడాప్టర్లు, జంపర్ తీగలు ఉంటే చాలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల్లో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి. ఇళ్లలోని 230 వోల్టుల కరెంటును నమూనాకు నేరుగా కలపడం ప్రాణాంతకం. ఆ ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

తీగలు కలపడం ఇలా
పట్టాలకు ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా ఫొటో ట్రాన్సిస్టర్ అమర్చాలి. ఇలాంటి జత ఒకటి గేటుకు ముందు, మరొకటి గేటు దాటాక ఉండాలి. ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను బోర్డు ఇన్‌పుట్‌కు, 10 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు కలిపి, ఎమిటర్‌ను గ్రౌండుకు ఇవ్వాలి. కిరణం అందితే దారి ఖాళీ, అందకపోతే రైలు ఉన్నట్లు. తీగ ఊడినా, ఎల్‌ఈడీ మాడినా బోర్డు ‘రైలు ఉంది’ అనే భావిస్తుంది. బజారులో దొరికే ప్రతిఫలన సెన్సర్ వాడితే ఇది తారుమారవుతుంది. దాని తీగ తెగితే ‘రైలు లేదు’ అన్న అర్థమే వస్తుంది.

సర్వో మోటారు గోధుమరంగు తీగ గ్రౌండుకు, ఎరుపు 5 వోల్టులకు, నారింజ రంగుది బోర్డుకు వెళ్లాలి. వాలిన గేటు నొక్కేలా కింద మైక్రోస్విచ్ బిగించి, రిలేకు వెళ్లే విద్యుత్తును దాని గుండానే పంపాలి. రిలేలో సాధారణంగా కలిసి ఉండే కాంటాక్టుకు ఎరుపు దీపం, విడిగా ఉండేదానికి పచ్చదీపం కలపాలి. ఒక్కో దీపానికి 220 ఓముల రెసిస్టర్ తప్పనిసరి. దీపాలకు వేరే బ్యాటరీ ఉంచితే అడాప్టర్ ఆగినా ఎరుపు ఆరదు.

రైలు మొదటి కిరణాన్ని అడ్డగించగానే గేటు వాలుతుంది. స్విచ్ నొక్కుకున్నాకే రిలే లేచి పచ్చ వెలుగుతుంది. రైలు పూర్తిగా రెండో కిరణాన్ని దాటాక ముందు ఎరుపు, ఆ తరువాతే గేటు లేవడం.. ఈ వరుస తప్పరాదు. బోర్డు ఆన్ చేయగానే గేటు మూసిన స్థితిలోనే ఉండి, దారి ఖాళీగా ఉందని చూసి బటన్ నొక్కాకే తెరుచుకునేలా ప్రోగ్రాం రాయాలి.

మొదటి సెన్సర్ ఎంత దూరంలో ఉండాలో చిన్న లెక్కతో తేలుతుంది. రైలు సెకనుకు 25 సెంటీమీటర్లు కదులుతూ, గేటు వాలడానికి 2 సెకన్లు పడితే, మరో 4 సెకన్ల వెసులుబాటు కలిపి 6 సెకన్లు కావాలి. అంటే గేటుకు 150 సెంటీమీటర్ల ముందు సెన్సర్ ఉండాలి. ఇది ఒకే దిశలో నడిచే రైలుకు సరిపోయే ఏర్పాటు.

లోపం వస్తే..
* గేటు కదలగానే బోర్డు మళ్లీ మొదటికి వస్తోందా? మోటారు ఎక్కువ విద్యుత్తు లాగుతున్నట్లు. మోటారుకు వేరే అడాప్టర్ ఇచ్చి, దాని రెండు తీగల మధ్య ధ్రువాలు చూసుకుని కెపాసిటర్ కలపాలి.
* గేటు వణుకుతోందా? అడాప్టర్ గ్రౌండును బోర్డు గ్రౌండుతో కలపడం మరిచారేమో చూడాలి. వదులైన జంపర్ తీగ కూడా కారణం కావచ్చు.
* రైలు మధ్యలో ఉండగానే గేటు లేస్తోందా? బోగీల మధ్య సందులోంచి కిరణం దూసుకుపోతోంది. జతను పట్టాలకు ఏటవాలుగా అమర్చి, కిరణం 2 సెకన్లు నిలకడగా అందాకే దారి ఖాళీ అయినట్లు లెక్కించాలి. అసలు రైల్వేలో లోనికి వెళ్లిన ఇరుసులు, బయటికి వచ్చిన ఇరుసులు సరిపోయాయా అని లెక్కగట్టే యాక్సిల్ కౌంటర్లు కొన్నిచోట్ల ఈ పని చేస్తాయి.
* ఆరుబయట పెడితే రైలును గుర్తించడం లేదా? సూర్యకాంతిలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. ట్రాన్సిస్టర్‌కు నల్లని గొట్టం తొడగాలి. ఈ లోపం వల్ల గేటు వాలకపోయినా రైలుకు ఎరుపే ఉండటం గమనార్హం.
* గేటు వాలినా పచ్చ రావడం లేదా? ముందుగా మైక్రోస్విచ్ నొక్కుకుందో లేదో చూసి, తరువాత రిలే తీగలు పరీక్షించాలి. పచ్చ రావడం లేదని స్విచ్‌ను తప్పించి తీగ నేరుగా కలిపితే భద్రత మొత్తం తొలగించినట్లే.

చివరి పరీక్ష
నమూనాను ప్రదర్శనకు తీసుకెళ్లే ముందు సెన్సర్, మోటారు, మైక్రోస్విచ్, రిలేలకు వెళ్లే తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడాలి. చివరగా బోర్డుకు కరెంటు ఆపాలి. ప్రతిసారీ, రైలు ఎక్కడ ఉన్నా, గేటు తెరిచి ఉండగా పచ్చ వెలగకపోతే నమూనా నెగ్గినట్లు. లోహపు పట్టాలపై నడిచే 12 వోల్టుల రైలైతే రెండు జతల కాంటాక్టులున్న రిలే వాడి, గేటు ముందు పట్టాల ముక్కకు విద్యుత్తు ఆపవచ్చు. అప్పుడు ఎరుపు ఉంటే రైలే నిలిచిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్-మనక్ పథకం కింద ఎంపికైన విద్యార్థులకు నమూనా తయారీకి ఇచ్చే రూ.10 వేలలో ఈ పరికరాలన్నీ సమకూరుతాయి.

ఎంత పకడ్బందీ తీగలున్నా, మూసిన గేటు కింద నుంచి దూరే మనిషిని అవి ఆపలేవు. మూసిన గేటును అనుమతి లేకుండా తెరిస్తే రైల్వే చట్టం-1989లోని సెక్షన్ 160 ప్రకారం మూడేళ్ల వరకు, విరగ్గొడితే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. గేటు నమూనా చేసిన పిల్లలకు మూసిన గేటు వెనుక కారణం తెలుసు. ద్విచక్రవాహనంపై వెనుక కూర్చున్న ఆ పిల్లలు ‘ఆగుదాం నాన్నా’ అంటే పెద్దలు వినడం మంచిది.